సవరణ: క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు శారీరక సామర్థ్య పరీక్ష

పెద్ద క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు రోగి శారీరక సామర్థ్యాన్ని ఎలా అంచనా వేస్తారో వివరిస్తూ నేను రాసిన వ్యాసంలో రెండు పొరపాట్లు దొర్లాయి.

మొదటిది అంకెకు సంబంధించినది. వ్యాయామం చేయిస్తూ గుండె, ఊపిరితిత్తుల పనితీరును కొలిచే కార్డియోపల్మొనరీ ఎక్సర్‌సైజ్ పరీక్షలో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం కిలో బరువుకు నిమిషానికి 11 మిల్లీలీటర్ల కంటే తగ్గితే ఆపరేషన్ ముప్పు ఎక్కువని రాశాను. ఆ 11 అనేది గరిష్ఠ వినియోగానిది కాదు, అనరోబిక్ త్రెషోల్డ్ అనే హద్దుది. రోగి ముఖానికి మాస్కు పెట్టుకుని సైకిల్ తొక్కుతుండగా పెడల్ బిగువును క్రమంగా పెంచుతూ పోతారు. కండరాల శ్రమ వల్ల తయారయ్యే లాక్టేట్ అనే పదార్థం రక్తంలో పేరుకోవడం మొదలై, పీల్చుకునే ఆక్సిజన్‌తో పోలిస్తే వదిలే కార్బన్ డయాక్సైడ్ వేగంగా పెరిగే చోటే ఆ హద్దు. గరిష్ఠ వినియోగం రోగి ఎంత గట్టిగా ప్రయత్నించారన్న దాన్ని బట్టి మారుతుంది, ఈ హద్దు దాదాపు మారదు. కాబట్టి ఇది అచ్చుతప్పు స్థాయి పొరపాటు కాదు.

రెండవది, రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలనని రోగి చెబితే సామర్థ్యాన్ని అంచనా వేయడానికి అది చాలునన్న నా వాక్యం. దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాను. 2018లో వైద్య పత్రిక లాన్సెట్ ప్రచురించిన అధ్యయనంలో, గుండెకు సంబంధించని పెద్ద ఆపరేషన్లకు సిద్ధమైన 1401 మందిని పరిశీలించగా, సామర్థ్యం నిజంగా తక్కువగా ఉన్నవారిలో సుమారు అయిదో వంతు మందినే వైద్యులు రోగితో మాట్లాడి వేసిన అంచనాను బట్టి గుర్తించగలిగారు. ఇంటిపని, నడక, మెట్ల గురించి 12 ప్రశ్నలడిగే డ్యూక్ యాక్టివిటీ స్టేటస్ ఇండెక్స్ అనే ప్రశ్నావళి అంతకంటే మెరుగ్గా పనిచేసింది. ఈ అధ్యయనం క్యాన్సర్ రోగులకే పరిమితం కాదని కూడా గమనించగలరు.