బలహీనపడటం కూడా జ్ఞాపకమే

జ్ఞాపకమంటే సినాప్సులు (న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఒకదానికొకటి సంకేతాలు అందించే చోట్లు) బలపడటమే అన్నట్టు జ్ఞాపకంపై మీ వ్యాసం సాగింది. 1973లో శాస్త్రవేత్తలు బ్లిస్, లోమో కుందేలు మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో చూపింది అదే, కాదనను. కానీ గుర్తుపట్టడం దగ్గరకొచ్చేసరికి లెక్క మారుతుంది. మెదడులోనే పెరిరైనల్ కార్టెక్స్ అనే మరో భాగంలో చాలా న్యూరాన్లు కొత్త వస్తువు చూస్తే గట్టిగా స్పందిస్తాయి, అదే వస్తువు మళ్లీ కనబడితే వాటి స్పందన తగ్గిపోతుంది. ఆ తగ్గుదలే ‘ఇది చూసిందే’ అనే సంకేతం! సంకేతాన్ని అందుకునే ఆంపా గ్రాహకాలనే ప్రోటీన్లు సినాప్స్ నుంచి కణం లోపలికి పోతే ఆ సినాప్స్ బలహీనపడుతుంది; అక్కడ అవి అలా పోకుండా అడ్డుకుంటే ఎలుకలు చూసిన వస్తువును గుర్తుపట్టలేకపోయాయి. అంటే సినాప్సులు బలహీనపడటం కూడా నేర్చుకోవడమే. ఇంత ముఖ్యమైన సంగతి వదిలేయడం నాకు నిజంగా బాధనిపించింది. ముఖం తెలిసినట్టే ఉండి, ఎక్కడ చూశామో తట్టకపోవడం అందరికీ అనుభవమే. ఆ ‘ఎక్కడ, ఎప్పుడు’ అందించేది ప్రధానంగా హిప్పోక్యాంపస్. రెండో భాగం రాస్తే, చూసిందే అనిపించడానికీ ఎక్కడ చూశామో గుర్తురావడానికీ ఉన్న ఈ తేడాతోనే మొదలుపెట్టండి, దయచేసి.