సర్వీసింగ్‌లో ఉన్న కారు

అప్పు ఎగ్గొట్టినవాడికి క్రెడిట్ స్కోరు పడిపోతుందని నాకు తెలుసు. ఎగ్గొట్టనివాడికీ పడిపోతుందని కార్ల షోరూంలో తెలిసింది.

అప్పటిదాకా మర్యాదలకు లోటు లేదు. "కూర్చోండి సార్, ఏ రంగు కావాలి సార్" అన్న కుర్రాడు, కంప్యూటర్‌లో నా స్కోరు చూశాక "సార్"ని మింగేశాడు. మా బావమరిది కారు లోనుకి నేను పెట్టిన హామీ సంతకం నా కొంప ముంచిందన్నమాట. వాడు వాయిదాలు ఎగవేస్తే మచ్చ నా రిపోర్టుకీ పడుతుందట. "ఊరికే ఫార్మాలిటీ బావా" అని పెట్టించుకున్నాడు. ఆ కారేదిరా అంటే మూడు నెలలుగా "సర్వీసింగ్‌లో ఉంది" అంటున్నాడు.

నేను పట్టు వదల్లేదు. ఒకే వారంలో ఐదుచోట్ల లోనుకి దరఖాస్తు పెట్టాను. ప్రతి దరఖాస్తూ రిపోర్టుకెక్కుతుందనీ, ఇలా వరసగా కనిపిస్తే మనిషి డబ్బుకి కటకటలాడుతున్నాడని అనుకుంటారనీ ఐదోవాడు చెప్పాడు. ఆ ముక్కేదో మొదటివాడు చెప్పి ఏడవచ్చుగా!

ఆరోవాడు దయామయుడు. ఇస్తానన్నాడు, 18 శాతం వడ్డీకి. ఐదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా బరువుగా ఉందని నసిగితే, "ఏడేళ్లు పెట్టుకోండి, తేలిగ్గా ఉంటుంది" అన్నాడు. నిజంగానే తేలికైంది. సంబరంగా ఇంటికొస్తే మా ఆవిడ కాగితం, పెన్నూ తీసింది. వంద అప్పు తెస్తే ఐదేళ్లలో కట్టేది 152, ఏడేళ్లయితే దాదాపు 177.

"ఈ వడ్డీతో ఇంకో ముప్పావు కారు వస్తుందండీ" అంది.

దాంతో కొత్త కారుకి నీళ్లొదిలి, ఉన్నదంతా ముందే కట్టేసి, చిన్న లోనుతో పాత కారు చూద్దామని బయల్దేరాం. మొదట చూపించినదాని మీటరు 20,000 కిలోమీటర్లే అంటోంది. బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం అరిగి అద్దంలా ఉంది. స్టీరింగూ అంతే.

"ముందు ఓనరు కాస్త బరువైన మనిషి సార్" అన్నాడు అమ్మేవాడు. స్టీరింగ్ కూడా కాలితోనే తిప్పేవాడేమో అని అడగబోయి ఊరుకున్నాను.

రెండోది తెల్ల కారు. టైర్లు బాగున్నాయి, ఇంజను చప్పుడు బాగుంది, రేటూ మా అందుబాటులోనే ఉంది. ఎక్కడో చూసినట్టూ ఉంది కానీ, తెల్ల కార్లన్నీ ఒకేలా ఉంటాయి కదా.

"ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారు?"

"వాయిదాలు కట్టకపోతే ఫైనాన్సువాళ్లు లాక్కొచ్చిన బండి సార్. అమ్మిన డబ్బు బాకీకి చాలకపోతే మిగతాది హామీ సంతకం పెట్టిన బకరా దగ్గర గుంజుకుంటారు. మీకేం టెన్షన్ లేదు."

పాపం ఎవడో అనుకుంటూ ఇద్దరం మనసారా నవ్వుకున్నాం. ఇంతలో వెనక సీటు సందులో చెయ్యి పెట్టి చూస్తున్న మా ఆవిడ, అక్కణ్ణుంచి ఒక ముత్యాల క్లిప్పు బయటికి తీసింది. తమ్ముడి కారులో షికారుకెళ్లొచ్చిన రోజు నుంచీ, నేనే ఎక్కడో పారేశానని నన్ను సాధిస్తున్న క్లిప్పు.