సున్న కోడిగుడ్డయిన వైనం

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ఫ్లెక్స్ దుకాణం. 30 ఏళ్లు గోడల మీద ఒడియా, తెలుగు అక్షరాలు రాసిన మామయ్య, కంప్యూటర్ ముందు మేనల్లుడు. మధ్యలో కొత్త డ్రాయింగ్ టాబ్లెట్, అంటే దాని మీద పెన్నుతో గీస్తే కంప్యూటర్ తెర మీద గీత పడే పలక. పెన్ను ఎక్కడ ఆనితే తెర మీద కర్సర్ అక్కడికే వెళ్లే పెన్ మోడ్ మేలా, జరుపుకుంటూ పోయే మౌస్ మోడ్ మేలా అన్నది తగువు. నేను అల్లుడి పక్షం, ముందే చెబుతున్నాను.)

మామయ్య: మళ్లీ మార్చేశావా? నిన్న మౌస్ మోడ్‌లో పెట్టి వెళ్లాను కదా.

అల్లుడు: అందులో మీరు రాసిన ‘ఠ’ చూశారా మామయ్యా? మొదలూ చివరా కలవలేదు.

మామయ్య: నీ పెన్ మోడ్‌లో కలిసింది, నిజమే. కానీ సున్న చుడితే కోడిగుడ్డు పడింది. కుంచె పట్టిన నాటి నుంచి నా సున్న అలా సాగలేదు.

అల్లుడు: అది మీ చేతి తప్పు కాదు, మోడ్ తప్పూ కాదు. ఈ టాబ్లెట్‌లో గీయడానికి ఉన్న జాగా 216 మిల్లీమీటర్ల వెడల్పు, 135 ఎత్తు. అంటే 16కి 10. మన స్క్రీన్ 16కి 9. పలకంతటినీ తెరంతటికీ సాగదీస్తే సున్న అడ్డంగా తొమ్మిదో వంతు పెరుగుతుంది. సెట్టింగుల్లో నిష్పత్తిని బిగించే గడి ఉంది. దానికి టిక్కు పెడితే అడుగున 13.5 మిల్లీమీటర్ల పట్టీ పనిచేయడం మానేస్తుంది, సున్న సున్నలా వస్తుంది. మీరేమో గుడ్డును చూసి మోడ్‌నే మార్చేశారు. మౌస్ మోడ్‌లో పెన్ను ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు, ఎంత జరిగిందన్నదే లెక్క. పైగా వేగాన్ని బట్టి దూరం మారేలా పెట్టి ఉంటే, సున్నలో ఒక పక్క గబగబా, ఇంకో పక్క నెమ్మదిగా తిప్పారనుకోండి, చెయ్యి బయల్దేరిన చోటికే వచ్చినా కర్సర్ రాదు. కాగితం మీది బొమ్మను టాబ్లెట్ మీద పరిచి దిద్దాలన్నా పెన్ మోడే దిక్కు.

మామయ్య: సరే. నిన్న బేరం కోసం వచ్చిన ఆయన చూడాలని రెండో స్క్రీన్ తగిలించావు. అప్పుడు నీ పలక రెండు తెరలకూ పంచుకుపోయింది. వెంట్రుకంత కదిపితే వేలెడు దూరం దూకింది.

అల్లుడు: ఒక్క స్క్రీన్‌కే కేటాయించుకోవచ్చు.

మామయ్య: అప్పుడు రెండోదాని మీదున్న రంగుల పెట్టెను నేనెలా అందుకోవాలి?

అల్లుడు: పెన్ను మీది బొత్తాన్ని తెర మార్చడానికి పెట్టుకుని...

మామయ్య: చూశావా, మళ్లీ బొత్తాం. మౌస్ మోడ్‌లో పెన్ను ఎత్తి, ఇవతల పెట్టి, మళ్లీ తోస్తే చాలు. అరచేయంత జాగాలో పనైపోతుంది. భుజం నొప్పి ఉన్నవాడికి తెలుస్తుంది ఆ సుఖం.

(దీనికి అల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

మామయ్య: మా తాత తాటాకు మీద రాసేటప్పుడు ఘంటం ఉన్నచోటే ఉండేది. ఎడమ బొటనవేలితో ఆకునే జరిపేవాడు. చోటు చోటని ఇంత పట్టింపు ఆయనకే లేదు.

అల్లుడు: ఆకు జరిగినా, ఘంటం ఆనిన చోటే కదా గీత పడేది! జానెడు అవతల పడేదా? ఇంతకీ ఆయన రాసింది తెలుగా, ఒడియానా?

మామయ్య: రెండూ. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అది సరే, ఈ బోర్డులో తెలుగు వరుస ఇంత చిన్నగా పెట్టావేం?

అల్లుడు: ఒడియా పైన పెద్దగా ఉండాలని బోర్డు చేయించుకునే ఆయనే అడిగారు.

మామయ్య: పైన ఉండనీ, కాదనను. కింద చీమల బారు పెడితే బస్సులోంచి ఎవరు చదువుతారు? నా రోజుల్లో రెండు వరుసలకూ ఒకే కుంచె.

అల్లుడు: బోర్డు సంగతి తర్వాత. ముందు ఇక్కడ సున్న చుట్టండి. పెన్ మోడ్, టిక్కు పెట్టాను, స్క్రీన్ ఒకటే.

(మామయ్య మోచెయ్యి ఆనించకుండా, గోడ మీద రాసినట్టే, ఒక్క ఊపులో తిప్పాడు. మొన బయల్దేరిన చోటికే వచ్చి కలిసింది. కాసేపు చూశాడు. తర్వాత పలక అడుగు అంచున గోరుతో గీశాడు.)

మామయ్య: పనిచేయని ఈ పట్టీకి కూడా డబ్బు కట్టావా?