కొంచెం తగులుతుంది, అంతే

రోజూ ఉదయం ఏడున్నరకి మా సందు మలుపులో ఒక చప్పుడు వస్తుంది. రబ్బరుతో రేకును గీరినట్టు, గర్‌ర్‌ర్ మని. పక్కింటాయన తన పాత జీపు బయటికి తీస్తున్నాడన్నమాట. నాలుగు నెలల కిందట దానికి 33 అంగుళాల టైర్లు వేయించాడు. బండితో పాటు వచ్చినవి 29. "ఏమిటండీ ఆ చప్పుడు?" అని అడిగితే ఆయన ఎంతో నిబ్బరంగా చెప్పాడు: "ఏం లేదండీ, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కొంచెం తగులుతుంది, అంతే."

కొంచెం తగులుతుంది, అంతే! ఇల్లు కట్టుకుని "తలుపు వేస్తే గోడ కొంచెం ఊడుతుంది, అంతే" అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పెద్ద టైర్ల వాళ్ళకి మాత్రం 'కొంచెం' అనేది ఒక కొలత, అంగుళం లాగా, లీటరు లాగా. బండి కొంచెం లాగడం లేదంటే, మునుపు మూడో గేరులో ఎక్కిన మిట్టని ఇప్పుడు రెండో గేరులో కూడా మూలుగుతూ ఎక్కుతోందని అర్థం. స్టీరింగ్ కొంచెం ఊగుతోందంటే, దిగాక పది నిమిషాల దాకా చేతులకి తిమ్మిరి వదలడం లేదని అర్థం.

పాత టైరు మీద 235/75 ఆర్ 15 అని ఉండేది. వెడల్పు 235 మిల్లీమీటర్లు, అందులో 75 శాతం టైరు గోడ ఎత్తు, రిమ్ము 15 అంగుళాలు. రిమ్ముకి పైనొక గోడ, కిందొక గోడ కలిపితే టైరు ఎత్తు ఇంచుమించు 29 అంగుళాలు. దాని స్థానంలో 33 వేస్తే బండి 4 అంగుళాలు లేస్తుందని ఆయన లెక్క. లేవదు. యాక్సిల్, అంటే ఇరుసు, ఉండేది చక్రం నడిమధ్యన. కాబట్టి దాని కింద పెరిగేది 2 అంగుళాలే. మిగతా రెండూ పైకి పోయి మడ్‌గార్డును గీరుతున్నాయి. ఉదయం ఏడున్నరకి నేను వింటున్నది ఆ రెండు అంగుళాలనే.

బాడీని చక్రాల మీద ఇంకాస్త పైకి లేపే లిఫ్ట్ కిట్టు వేస్తే తగలదని ఎవరో చెప్పారట. వేయించాడు. బాడీ లేచింది, యాక్సిల్ ఉన్నచోటే ఉంది. ఇంజను వైపు నుంచి యాక్సిల్‌కి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారిపోయి, వేగం 50 దాటగానే బండంతా అదరడం మొదలైంది. టైర్లు బయటికి కనిపించాలని, చక్రాన్ని పక్కకి జరిపే స్పేసర్లు కూడా బిగించడంతో తగలడం ఆగలేదు సరికదా, తగిలే చోటు మారింది. ఇప్పుడు మడ్‌గార్డు అంచుకి తగులుతోంది. ఇది అభివృద్ధి.

ఆయన వాళ్ళమ్మగారికి డెబ్బై దాటాయి. మునుపు ఆ జీపు ఆవిడ ఏ సాయమూ లేకుండా ఎక్కేవారు. ఇప్పుడు బయటికి వెళ్ళాలంటే ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో స్టూలు. స్టూలు వేసుకుని ఎక్కాక దాన్ని లోపలికి అందుకుంటారు. దిగేటప్పుడు ముందు స్టూలు దిగుతుంది.

ఇంతకీ ఈ ఎత్తంతా ఎందుకు? 1941లో తయారీ మొదలైన విల్లీస్ జీపుకి 60 హార్స్‌పవర్ ఇంజను, 6.00-16 టైర్లు. అంటే వెడల్పు ఆరంటే ఆరు అంగుళాలు. ఆ సన్నటి చక్రాల మీదే అది ఇసుకలో, బురదలో, మంచులో ఒక ప్రపంచ యుద్ధం దాటింది. 1948లో వచ్చిన మొదటి ల్యాండ్ రోవర్ కూడా అదే కొలత టైర్లతో పొలాల్లోకి దిగింది. మా పక్కింటాయన దాటాల్సింది స్పీడ్ బ్రేకరు.

నిజంగా మట్టిలోకి దిగేవాళ్ళు మొదట చేసే పని టైర్లలో గాలి తగ్గించడం. గాలి ఒత్తిడి 35 పీఎస్‌ఐ నుంచి 18కి దించితే ఆ పాత టైరే నేలమీద సాగి పట్టు పెంచుకుంటుంది. మళ్ళీ రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి. కావలసింది ఒక గేజి, ఒక పంపు, కాస్త ఓపిక. ఆ సంగతి చెబితే, గాలి తీసిన టైరు ఫొటోలో బాగుండదన్నాడు.

ఆ మధ్య పంక్చరైంది. ఆ దృశ్యం చూడటానికే దేవుడు నాకు ఆ రోజు సెలవు ఇప్పించాడనుకుంటాను. జాకీ బండితో పుట్టినది, దానికి తెలిసిన ఎత్తు పాత ఎత్తు. పూర్తిగా లేపినా చక్రం నేలను వదల్లేదు. జాకీ కింద ఒక ఇటుక పెట్టాడు. చాల్లేదు. ఇటుక మీద చెక్క పెట్టాడు. ఇంకో వేలెడు కావాలి. బండిలో వెతికితే కంపెనీ వాళ్ళిచ్చిన మాన్యువల్ దొరికింది. ఈ బండికి ఏ టైరు వేయాలో అచ్చువేసిన పుస్తకం అది. కొన్న తరవాత మొదటిసారి పనికొచ్చింది, చెక్క మీద పరిచాడు. జాకీ ఒక పక్కకి ఒరుగుతుంటే నేను పది అడుగులు వెనక్కి జరిగాను. ఎలాగో చక్రం ఊడింది. స్టెప్నీ దించాడు. అది 29. పెద్ద టైరు వెనక స్టెప్నీ చోటులో పట్టలేదు, అందుకని పాతదాన్నే ఉంచేశాడట. బిగించి జాకీ తీస్తే, జీపు ఒక కాలు పొట్టిదైన మంచంలా ఒక మూలకి కుంగి నిలబడింది. ఆయన రెండు చేతులూ నడుముకి పెట్టుకుని కాసేపు చూశాడు. నేను లోపలికి వెళ్ళిపోవాలని చూస్తుంటే పిలిచి మరీ చెప్పాడు: "కొంచెం వాలింది, అంతే."

తరవాత మైలేజీ బాధ మొదలైంది. సగం బాధ నిజమే, పాత ఇంజను ఇంత బరువు చక్రాలు తిప్పాలంటే తాగుతుంది. ఫైనల్ గేరు, అంటే చక్రాలకి తిప్పుడు అందించే ఆఖరి గేరు నిష్పత్తి, 4.10 ఉన్న బండి ఇప్పుడు 3.6 ఉన్నట్టు నడుస్తుంది మరి. మిగతా సగం మీటరు చేసే మాయ. చక్రం పెద్దదయ్యేసరికి 100 కిలోమీటర్లు తిరిగితే 88 అని రాస్తుంది. స్పీడు ముల్లు 60 దగ్గరున్నప్పుడు బండి నిజంగా వెళ్ళేది 68 మీద.

మొన్న బ్రేకుల గురించి అడిగాను. "కొంచెం లేటుగా పడుతున్నాయండీ, అలవాటైపోయింది" అన్నాడు.

ఎవరికి అలవాటైంది? రోడ్డు దాటుతున్న పిల్లకి అలవాటైందా? చక్రం పెరిగితే, అదే బలంతో పెడల్ తొక్కినా రోడ్డు మీద ఆపే శక్తి సుమారు 12 శాతం తగ్గుతుంది. మీటరు 60 అని అబద్ధం చెబుతూ 68లో పోయే బండిలో వేగం తాలూకు శక్తి 30 శాతం పెరుగుతుంది. రెండూ కలిస్తే, అదే తొక్కుడుకి బండి ఆగే దూరం దాదాపు ఒకటిన్నర రెట్లు. టైర్ల బరువు ఇంకా ఇందులో కలపలేదు. బండి ఎత్తు పెరిగాక మలుపులో బోల్తాపడే సంగతీ కలపలేదు. టైర్లకి డబ్బుంది, లిఫ్ట్ కిట్టుకి ఉంది, పైన నాలుగు లైట్లకి ఉంది. ఆ పాత బ్రేకు డ్రమ్ములు ఒక్కసారి విప్పి లైనింగులు చూడటానికి మాత్రం చేతులు రాలేదు! నీ బండి నీ ఇష్టం, నీ మడ్‌గార్డు నీ ఇష్టం, నీ నడుము విరిగితే నీ నడుము. ఆ ఒకటిన్నర రెట్ల దూరంలో అడ్డొచ్చినవాడు నీ టైర్ల కొలత చూసుకుని రోడ్డెక్కాడా?

ఈ పనినే పద్ధతిగా చేసేవాళ్ళూ ఉన్నారు. ముందు బ్రేకులు, ఆ తరవాత డిఫరెన్షియల్ గేర్లు (ఇందాకటి ఆఖరి గేర్లే), స్టీరింగ్ కీళ్ళు, బేరింగులు. టైర్లు ఆఖర్న. వాళ్ళ బండి చప్పుడు చెయ్యదు కాబట్టి వాళ్ళ మీద ఎవరూ వ్యాసాలు రాయరు.

ఇవాళ సాయంత్రం వాళ్ళమ్మగారు గేటు ముందు స్టూలు వేసుకుని నిలబడి ఉన్నారు. జీపు వచ్చింది, ఆయన బ్రేకు తొక్కాడు. బండి ఆవిణ్ణి దాటి, మా ఇంటిని దాటి, ఆ తరవాతి ఇంటి ముందు ఆగింది. ఆవిడ ఏమీ అనలేదు. స్టూలు చంకన పెట్టుకుని అటు నడిచారు.