సంతకాలు వాళ్లవి, భూములు ఎవరివి?

ఎక్కడ యుద్ధం నడుస్తున్నా ఒక వాదన ఠంచనుగా వినిపిస్తుంది: ముందు పెద్ద దేశాలు రెండూ సంతకం పెట్టనివ్వండి, మిగతావాళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చని. ఈ మాట అనేవాళ్లు ఆమియెన్స్ సంధి కథ ఒకసారి తిరగెయ్యాలి. 1802 మార్చిలో బ్రిటన్, ఫ్రాన్స్ సంతకాలు చేశాయి. 1803 మే 18న మళ్లీ యుద్ధం. మధ్యలో 14 నెలలు కూడా నిండలేదు. చెడగొట్టింది నెపోలియన్ దురాశా, లండన్ మొండితనమా అనే పాత తగాదాలోకి మేం వెళ్లం. ఆ బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్ల గతి ఏమైందన్నదే మా ప్రశ్న.

1801 అక్టోబరులో, ప్రాథమిక ఒప్పందానికి ఫ్రాన్స్ ఆమోదపత్రం పట్టుకుని నెపోలియన్ దూత లారిస్టన్ లండన్ చేరాడు. జనం ఆయన బండికి కట్టిన గుర్రాలను విప్పేసి, తామే బండి లాగారు. (ఆ లారిస్టన్ పుట్టింది మన పాండిచ్చేరిలోనే.) ఎనిమిదేళ్లు దాటిన యుద్ధంతో విసిగిపోయిన ఆ జనాన్ని తప్పుపట్టలేం. కొన్ని నెలలైనా నెత్తురు ఆగడం మేలే కదా అనేవారి మాటలోనూ కొంత నిజముంది. కానీ ఆగింది ఎవరి నెత్తురు?

బ్రిటిష్ నౌకాదళం అడ్డు తొలగిందో లేదో, తుది సంతకాలకు కూడా ఆగకుండా నెపోలియన్ తన చెల్లెలి భర్త లెక్లెర్క్‌ను సైన్యమిచ్చి నేటి హైతీ మీదికి పంపాడు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవారి నాయకుడు తుసాఁ లువెర్చూర్‌ను పట్టుకుని ఫ్రాన్స్‌కు తరలించారు. 1803 ఏప్రిల్‌లో ఆయన అక్కడి కొండకోటలో ఖైదీగానే చనిపోయాడు. సంధి జరిగి రెండు నెలలైనా కాకముందే, 1802 మే 20న, పారిస్ ఒక చట్టం చేసింది. సంధి కింద తిరిగొచ్చిన వలస ప్రాంతాల్లో 1789కి ముందున్న పద్ధతిలోనే బానిసత్వం సాగుతుందని అందులో రాసుకున్నారు. అలా తిరిగొచ్చిన కరీబియన్ దీవి మార్టినిక్‌లో అది 1848 దాకా పోలేదు. దీన్ని శాంతి అనడానికి మనసెలా ఒప్పుతుంది? మార్టినిక్ వాళ్లను ఎవరూ అడగలేదు.

మాల్టా వాళ్లనూ అడగలేదు. ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, రెండేళ్లు పోరాడి వెళ్లగొట్టిన ఆ దీవిని మళ్లీ దాని పాత పాలకులైన నైట్ల (క్రైస్తవ యోధుల సంఘం) చేతిలో పెడదామని సంధిలో రాశారు. 1802 జూన్‌లో అక్కడివారు తమ హక్కుల ప్రకటన రాసుకున్నారు. పట్టించుకున్నదెవరు? మూడు నెలల్లో ఖాళీ చేస్తామన్న బ్రిటన్ కదల్లేదు. మాల్టాకు స్వాతంత్య్రం వచ్చింది 1964లో. అటు ఫ్రాన్స్ కూడా హాలండ్ నుంచి సైన్యాన్ని తీయకుండా, ఇటలీలోని పీడ్‌మాంట్‌ను కలిపేసుకుని, ఎదుటివాడు మాట తప్పాడని గోల చేసింది.

ఇక మన సంగతి. బ్రిటన్ తరఫున సంతకం పెట్టింది కార్న్‌వాలిస్. 1792లో టిప్పు కొడుకులిద్దర్ని బందీలుగా పట్టుకెళ్లిన ఆ కార్న్‌వాలిసే. ఆయన బెంగాల్‌లో తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతిని ఉత్తర సర్కారుల్లో మన రైతుల నెత్తిన పెట్టిందీ అదే 1802లో. పాండిచ్చేరి, యానాం వంటి ఊళ్లను ఫ్రాన్స్‌కు తిరిగి ఇవ్వాలన్నది సంధి షరతు. 1803 జులైలో ఫ్రెంచి జనరల్ డెకాన్ ఓడల్లో పాండిచ్చేరి దాకా వచ్చాడు. ఊరు అప్పగించడానికి కంపెనీ అధికారులు ఒప్పుకోలేదు. యూరప్‌లో యుద్ధం మొదలై అప్పటికి రెండు నెలలైనా, ఆ కబురు ఇక్కడికి ఇంకా చేరలేదు. డెకాన్ మారిషస్ వెళ్లిపోయాడు. యానాం ఇంగ్లిషువాళ్ల చేతిలో ఉండాలా, ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండాలా అని వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు తప్ప, గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లను అడగాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

పాత కథ కదా అనుకోవద్దు. 1938లో మ్యూనిక్‌లో చెకోస్లొవేకియాను ముక్కలు చేస్తుంటే ఆ దేశ ప్రతినిధులు హోటల్ గదిలో కూర్చుని కబురు కోసం చూశారు. ఆరు నెలలకు హిట్లర్ ప్రాగ్‌లో ఉన్నాడు. 2020లో దోహాలో అమెరికా, తాలిబన్లు సంతకాలు చేసినప్పుడు కాబూల్ ప్రభుత్వానికి ఆ ఒప్పందంలో చోటు లేదు. ఏడాదిన్నరలోపే కాబూల్ తాలిబన్ల పాలైంది. ప్రతిసారీ కెమెరాలకు కరచాలనాలు కావాలి, ఆ భూమి మీద బతికేవాళ్లు మాత్రం అక్కర్లేదు!

ఇలాంటి సంతకాలు జరిగిన ప్రతిసారీ ఢిల్లీ నుంచి ‘స్వాగతిస్తున్నాం’ అని రెండు లైన్ల ప్రకటన వస్తుంది. 150 ఏళ్లకు పైగా యూరప్ దేశాలు తమలో తాము పంచుకున్న నేల మనది. ఎవరి ఊరి మీద సంతకం పడుతోందో వాళ్లు ఆ గదిలో ఉన్నారా అని మనమే అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? అది తేల్చుకోకుండా చప్పట్లు కొట్టడం సిగ్గుచేటు. ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి, ప్రకటన తర్వాత రాసుకోవచ్చు.