ముందు ఆ అయస్కాంతం పక్కన పెట్టండి బాబూ

బెజవాడలో ఎవరికి నల్లరాయి దొరికినా వరస ఒకటే. పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం పీకడం, రాయికి అంటించడం, అంటుకోగానే "ఉల్కేనండీ, రేటెంత పలుకుద్ది?" అని ఫొటో పెట్టడం. ఆటోనగర్ కొలిమిలో తీసి పారేసిన ఇనుప చిట్టెం కూడా అంటుకుంటుంది. మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఉన్న మామూలు రాయీ అంటుకుంటుంది. దీంతో తేలేదేమీ లేదు సరికదా, పొరపాటున అది నిజంగా ఉల్కే అయితే కోట్ల ఏళ్లుగా లోపల నిలిచిన అయస్కాంత ముద్ర ఆ ఒక్క తాకిడికి చెరిగిపోతుంది.

చాదస్తం అనుకోకండి. 2011లో మొరాకోలో బయటపడిన అంగారక శిల 'బ్లాక్ బ్యూటీ' 320 గ్రాములుంటుంది, అధికారిక పేరు ఎన్‌డబ్ల్యూఏ 7034. అంగారకుడి పాతకాలపు అయస్కాంత క్షేత్రం గురించి చెప్పగల రాయి. దానితోపాటే రాలిన ముక్కల్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2023లో చెప్పిందేమిటంటే, ఎవరో అయస్కాంతం తాకించారు, ఆ రికార్డు పోయింది అని. ఎన్‌డబ్ల్యూఏ అంటే వాయవ్య ఆఫ్రికా. సహారాలో సంచార జాతులవాళ్లు ఏరిన రాళ్లు మొరాకోలోని ఎర్ఫూద్ లాంటి ఊళ్లలో దళారుల చేతులు మారుతూ వస్తాయి. ఏ ఇసుకలో దొరికిందన్న సంగతి ఆ దారిలోనే మరుగున పడుతుంది, అందుకే పేరులో ఊరుండదు, నంబరే ఉంటుంది. ఎడారిలోనే ఎందుకంటే అక్కడ తుప్పు నెమ్మది, లేతరంగు నేల మీద నల్లరాయి ఇట్టే కనబడుతుంది. కృష్ణ కరకట్ట మీద వెతికేవాళ్లకు ఈ రెండూ లేవు.

సరే, ఇంట్లో ఏం చేయొచ్చు? ముందు కళ్లతో చూడండి. బుడగల గుంటలుంటే దాదాపుగా చిట్టెమే. తర్వాత మెరుపు పూత లేని టైలు వెనక గీయండి. ఎర్రటి గీత పడితే హెమటైట్, నల్లగా పడితే మాగ్నెటైట్, రెండూ ఇనుప ఖనిజాలే. ఉల్క దాదాపుగా గీత వదలదు. ఆ తర్వాత సాంద్రత. 0.1 గ్రాము చూపే తూకం మీద బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగూ అంచూ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు కనబడే గ్రాములే దాని ఘనపరిమాణం. రాయి బరువును దాంతో భాగిస్తే సాంద్రత: 70 గ్రాముల రాయికి 20 చూపిస్తే 3.5, రాతి ఉల్కలు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. 5 చుట్టుపక్కలైతే ఇనుప ఖనిజమని అనుమానించండి. రాయికి అయస్కాంత గుణం ఉందేమో చూడాలంటే దిక్సూచి ముల్లు కదులుతుందేమో చూస్తే చాలు, అదీ తాకించకుండా.

ఇవన్నీ దాటినా అమ్మకానికి పెట్టకండి. మనదేశంలో పడిన ఉల్కలు చేరాల్సింది జియలాజికల్ సర్వేకి. 2017లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడ్డ రాయీ అక్కడికే చేరింది. "విదేశీ పార్టీ రెడీగా ఉంది, టెస్టింగ్ ఫీజు కట్టండి" అని ఎవడైనా అన్నాడంటే వాడు బియ్యాన్ని లాగే పాత్రలంటూ మోసం చేసే పాత రైస్ పుల్లర్ బ్యాచే, సరుకు పేరు మార్చాడంతే.

కొనుక్కునేవాళ్లకు ఇంకో తలనొప్పి మన ఉక్క. అర్జెంటీనాలోని కాంపో దెల్ సియెలోలో దొరికే ఇనుప ఉల్క ముక్క ఇక్కడ అద్దాల బీరువాలో పెట్టి వదిలేస్తే వానాకాలంలో గోధుమరంగు చుక్కలు చెమ్మగా పైకి ఉబుకుతాయి. లోపల చేరిన క్లోరైడ్ల పని అది. కుళాయి నీళ్లతో కడగొద్దు, చెమట చేత్తో పట్టుకోవద్దు. స్వచ్ఛమైన ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే మార్చాల్సిందే. అమ్మినవాడిచ్చిన చీటీని ఆ డబ్బాలోనే, విడి కవర్లో పెట్టండి.