మహారాజశ్రీ స్కోర్‌కార్డు గారికి

మహారాజశ్రీ బేస్‌బాల్ స్కోర్‌కార్డు గారి దివ్యసముఖానికి,

తమరు క్షేమమే అయి ఉంటారు. మెడ పట్టేసేదీ పెన్సిలు అరిగేదీ మాకే కదా! ముప్ఫై జట్ల మైదానాలూ చుట్టేయాలని విమానాలెక్కి, హోటళ్ళకు డబ్బు పోసి, తీరా సీట్లో కూర్చున్నాక అభిమాని చూసేది, ఒక్కో బ్యాటరు ఏం చేశాడో గడిగడిలో రాసుకోమంటూ ఒళ్ళో ఉన్న తమరినే. బోస్టన్‌లో ఫెన్‌వే పార్కు 1912 నాటిది. ఎడమవైపు 37 అడుగుల పచ్చగోడ. బంతి ఆ గోడకు తగిలే సమయానికి మనం తల వంచుకుని ముందు బ్యాటరు గడి పూర్తి చేస్తుంటాం. కొట్టింది డబులో (రెండు బేసులు) ట్రిపులో (మూడు బేసులు) పక్కవాళ్ళ కేకను బట్టి పోల్చుకోవాలి.

తమ అంకెల సంగతి చూద్దాం. ఫీల్డింగ్ స్థానాలకు తమ దగ్గర పేర్లుండవు, అంకెలే. బంతి విసిరే పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5. సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ మాత్రం 6! కొత్తవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. బంతి ఆ వరసలో చేతులు మారి ఇద్దరు ఔటైన 6-4-3 డబుల్ ప్లేను 5-4-3 అని రాశారా, షార్ట్‌స్టాప్ పడ్డ కష్టం థర్డ్ బేస్ ఖాతాలోకి పోయినట్టే. మూడు స్ట్రైకులకు బ్యాటరు ఔటయ్యే స్ట్రైకౌట్ గుర్తు ఇంకో వింత. క్రికెట్ వార్తలు రాస్తూ ఇటొచ్చిన హెన్రీ చాడ్విక్, ‘స్ట్రక్’ అన్న మాటలో మొదటి అక్షరం వదిలేసి చివరి ‘కె’ పట్టుకున్నాడు. బ్యాటు ఊపకుండా చూస్తూ ఔటైతే ఆ కె తిరగబడుతుంది. 1956 అక్టోబర్ 8న వరల్డ్ సిరీస్‌లో పిచర్ డాన్ లార్సెన్ వేసిన పర్ఫెక్ట్ గేమ్ (ఎదుటి జట్టులో ఒక్కడూ బేస్ చేరని ఆట) తిరగేసిన కె తోనే ముగిసింది. 27 మంది వచ్చారు, 27 మందీ వెళ్ళారు. తమరు ఇబ్బంది పెట్టని రోజు బహుశా అదొక్కటే.

మిగతా రోజుల్లో తొమ్మిది మంది వరస తిరిగి ఒకే ఇన్నింగ్స్‌లో పదో బ్యాటరు దిగితే చాలు, మొదటివాడి గడి అప్పటికే నిండి ఉంటుంది. పక్క నిలువు వరస ఆక్రమించి, పైనున్న ఇన్నింగ్స్ అంకెలన్నీ చేత్తో దిద్దుకుంటూ పోవాలి. 2020 నుంచి మేజర్ లీగ్ మామూలు సీజన్ ఆటల్లో, తొమ్మిది ఇన్నింగ్స్‌కీ తేలక ఆడే అదనపు ఇన్నింగ్స్‌లో ఏమీ కొట్టకుండానే ఒకడు సెకండ్ మీద ప్రత్యక్షమవుతున్నాడు. అతన్ని అతని సొంత వరసలోనే చూపాలి, హిట్ రాయకూడదు, పరుగు తీసినా పిచర్ ఎర్న్‌డ్ రన్ లెక్కలో (పిచర్ బాధ్యతగా పడే పరుగుల్లో) కలపకూడదు. అసలు ఆట అంత దూరం పోతుందని తమరెప్పుడైనా అనుకున్నారా? రోడ్ ఐలండ్‌లోని పటకెట్‌లో 1981 ఏప్రిల్ 18 రాత్రి మొదలైన ఆట తెల్లవారుజామున 4:07 దాకా సాగి 32 ఇన్నింగ్స్ దగ్గర ఆగింది. అప్పటికి మిగిలిన ప్రేక్షకులు 19 మంది. ముప్ఫైమూడోది జూన్ 23న ఆడారు. పది గడుల కార్డులు నాలుగు కావాలి, అదీ ఒక్కో జట్టుకి.

ఇక అచ్చమైన అన్యాయం షికాగోలో జరిగింది. 1988 ఆగస్టు 8న రిగ్లీ ఫీల్డ్‌లో దీపాల వెలుగులో తొలి మేజర్ లీగ్ రాత్రి ఆట మొదలైంది. ఫిలడెల్ఫియా తరఫున మొదట దిగిన ఫిల్ బ్రాడ్లీ హోమ్‌రన్ కొట్టాడు. జనం కార్డు గడిలోని డైమండ్ గుర్తు మొత్తం నింపేశారు. మూడున్నర ఇన్నింగ్స్ తర్వాత వాన ముంచేసింది. ఐదు ఇన్నింగ్స్ నిండలేదు కనుక ఆ ఆట లెక్కలోకి రాలేదు, హోమ్‌రన్ రికార్డుల్లోంచి కొట్టుకుపోయింది. పెన్నుతో రాసుకున్నవాళ్ళ కార్డుల్లోంచి కూడా పోయే ఉంటుంది, సిరా వానకు ఆగదు మరి. అందుకే పెన్సిలు, కొసన రబ్బరు. రబ్బరు ఎందుకంటే అఫిషియల్ స్కోరర్ హిట్ అన్నదాన్ని కాసేపటికి ఎర్రర్ (ఫీల్డర్ తప్పు) చేయగలడు.

పైగా చివర్లో ఆడిట్ ఒకటి. బ్యాటింగ్‌కి వచ్చిన సార్లు ఎన్నో, పరుగులూ బేసుల మీద మిగిలినవాళ్ళూ ఔట్లూ కలిపితే అంతే రావాలి. 4, 7, 27 కలిసి 38. ముప్ఫైతొమ్మిది వచ్చిందంటే ఎక్కడో ఒకడు రెండుసార్లు పడ్డాడు. వాణ్ణి వెతికేలోగా స్టేడియం బయట రైలు వెళ్ళిపోతుంది.

ఒక్కటే విన్నపం. యాంకీస్ వ్యాఖ్యాత ఫిల్ రిజూటో తన కార్డులో అక్కడక్కడా ‘డబ్ల్యూ డబ్ల్యూ’ అని రాసుకునేవాడు, ‘వజంట్ వాచింగ్’, అంటే ‘చూడలేదు’ అని. మైకు ముందు కూర్చున్న ఆయనకే చెల్లినప్పుడు, డబ్బిచ్చి టికెట్ కొన్న మాకు చెల్లదా? వచ్చే సీజన్ అచ్చులో గుర్తుల పట్టిక కింద ఆ రెండక్షరాలు కూడా వేయించగలరు.

ఇట్లు,
ఏడో ఇన్నింగ్స్‌లో అందరూ లేచి పాడుతుంటే తమరిని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో ఇరికించుకుని నిలబడ్డ
తమ విధేయుడు